స్కీల తూకానికి మలేషియాలో నాలుగు రోజులు

2024 నవంబరు 14, గురువారం, ఉదయం 7 గంటల 10 నిమిషాలు. క్లాంగ్ పట్టణంలో ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. ఆకాశంలో మూడు వంతులు మబ్బు, ఒక వంతు నీలం. రాత్రి వాన నీరు వాకిట్లో ఇంకా ఆరలేదు; గాలి బొత్తిగా లేదు. ఆ సమయానికి నేను నా కొక్కెం తక్కెడను తువాలులో చుట్టి, వరసకు తమ్ముడైన అప్పలస్వామి కారులో, నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. మేము బయలుదేరింది స్కీలు తూచడానికి.

భూమధ్యరేఖకు మూడు డిగ్రీల ఉత్తరాన, మంచు ఎన్నడూ కురవని ఊళ్ళో, డెబ్బై ఒక్కేళ్ళ విజయనగరం వాడికి స్కీలతో, అంటే మంచు మీద జారడానికి కాళ్ళకు బిగించుకునే చెక్కలతో, ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. నేను తూనికలు, కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు తనిఖీ అధికారిగా పనిచేశాను. ఎవరైనా ఒక వస్తువు తేలికా బరువా అని నా ఎదుట వాదించుకుంటే ఊరుకోలేను.

క్లాంగ్

అప్పలస్వామి తాత, మా తాత అన్నదమ్ములు. ఒకరు రబ్బరు తోటల పనికి ఓడ ఎక్కి మలయా చేరారు, ఒకరు ఊళ్ళోనే ఉండిపోయారు. అప్పలస్వామి వయస్సు అరవై రెండు. చేతితొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. మలేషియాలో పుట్టి పెరిగినా, అతను మాట్లాడితే నాకు మా నాయనమ్మ మాట వినిపిస్తుంది. మా ఊళ్ళో ఇప్పుడు పిల్లలెవరూ అనని ‘వచ్చినాడు, సేసినాను’ అక్కడ ఇంకా పచ్చిగా ఉన్నాయి. వాక్యం చివర మాత్రం ‘లా’ అనే మలయ్ తోక ఒకటి మొలిచింది.

అతని కూతురు దేవిక, ఇరవై ఎనిమిదేళ్ళది, ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇంజనీరు. నేను నవంబరు 12న వారింట దిగిన గంటకే నా పెట్టె తెరిచి, అందులో ఉన్న ఒక కిలో ఇత్తడి గుండును చూసి ఆశ్చర్యపోయింది. విమానాశ్రయంలో కూడా దాని గురించి నన్ను పదకొండు నిమిషాలు ప్రశ్నించారు. తక్కెడ సరిగా ఉన్నదో లేదో చూసుకోవడానికి అని చెబితే, తక్కెడ ఎందుకని అడిగారు. మా వాళ్ళింటికి వెళ్తున్నాను, అవసరం పడవచ్చు అన్నాను. అవసరం పడింది.

దేవిక, ఆమె స్నేహితులు ముగ్గురు ఏటా జపాన్ ఉత్తర ద్వీపానికి వెళ్తారు. అక్కడ కొండపైకి చేర్చే తీగబండ్లు లేని చోట, స్కీలు తొడుక్కుని తామే గంటల తరబడి ఎక్కి, ఎవరూ తొక్కని మంచు మీద జారుతూ దిగుతారు. కిందటి ఏడాది దేవిక సగం ఎత్తు దాటాక కూలబడింది. అద్దెకు తెచ్చిన స్కీలు బరువైనవి, తొడలు పట్టేశాయి. మిగిలిన ముగ్గురూ శిఖరం చేరి, దిగి వచ్చేదాకా కిందనున్న గుడిసెలో రెండున్నర గంటలు ఒక్కతే కూర్చుంది.

“ఆ ముగ్గురూ ఏటీ అనలేదు పెదనాన్న. అదే నొప్పి” అంది. “ఈసారి కూడా కూకుంటే నాను మానెయ్యాల. ఆళ్ళకి ఇంకోసారి బరువవను.”

బూట్లు, వాటిని స్కీకి బిగించే తేలికపాటి కట్లు ఆమె ముందే కొని ఉంచింది. కావలసింది స్కీలు మాత్రమే. ఆమె పొడవుకు సరిపడే పాత స్కీలు దేశం మొత్తం మీద రెండే జతలు అమ్మకానికి కనిపించాయి. ఒకటి బంటింగ్‌లో, ఒకటి సుంగై సిపుట్‌లో. గురువారం ఆమెకు సెలవు దొరకలేదు. బంటింగ్ జత తూచి, పగుళ్ళు ఉన్నాయేమో చూసి, అంకె చెప్పమని నాకు అప్పగించింది.

“నువ్వు సెప్పిన లెక్కే ఖాయం పెదనాన్న” అంది. ఆ మాటకు నేను పొంగిపోయానని ఒప్పుకోవాలి.

బంటింగ్

దారిలో ఒక కొట్టు ముందు ఆగాము. పెనం మీద పొరలు పొరలుగా కాల్చే రోటీ చనాయ్ ఒకటి ఒక రింగ్గిట్ ఎనభై సెన్నులు. పప్పు, చేపల పులుసు దానితో ఉచితం. టీ మనిషి ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి ఎంత ఎత్తు నుంచి పోస్తాడో నేను కంటితో కొలిచి, ఎనభై సెంటీమీటర్లు అన్నాను.

“మీటరు అన్నా” అన్నాడు అప్పలస్వామి.

“ఎనభై.”

“మీటరు లా!”

నేను జేబులోంచి టేపు తీశాను. టీ మనిషి తమిళుడు. విషయం అర్థమై, చేయి పైకెత్తి కదలకుండా నిలబడ్డాడు. ఎనభై నాలుగు. ఇద్దరమూ గెలిచినట్లు ముఖం పెట్టుకుని తాగాము. మా ఊరి టీ గ్లాసులో పట్టేది తొంభై మిల్లీలీటర్లు. ఇక్కడ ఇచ్చింది పావు లీటరు, అందులో పాలడబ్బా తీపి. ఒక్క టీ తాగితే మధ్యాహ్నం దాకా ఇంకేమీ అడగరు.

అమ్మే మనిషి పేరు గోపి, ముప్పై ఆరేళ్ళు, తెలుగువాడే. ఒకప్పటి తోట కూలీల వరుస ఇళ్ళను కొని, పెంచి, రంగులు వేసుకున్న వీధిలో ఉంటాడు. ఇంటి వెనుక పామాయిల్ చెట్లు, వాటికి ముందు ఒక మురుగు కాలువ, దాని గట్టు. న్యూజీలాండ్‌లో ఆరేళ్ళు ఉన్నప్పుడు స్కీలు నేర్చాడట. మోకాలి నరం తెగాక డాక్టరు వద్దన్నారు.

“రెండు పక్కలా ముక్కు ఎత్తుంటాది అంకుల్” అంటూ గోడకు ఆన్చిన జతను చూపించాడు. “ముందుకి జారొచ్చు, ఎనక్కి తిరిగీ జారొచ్చు. ఆటకి ఇలాటిది లేదు లా. సూసుకోండి. నాను తానం సేసి డ్యూటీకి పోవాల.” అని లోపలికి వెళ్ళిపోయాడు.

నేను జీవితంలో మొదటిసారి స్కీని ముట్టుకున్నాను. పొడవు 171 సెంటీమీటర్లు. నడుము దగ్గర వెడల్పు 102 మిల్లీమీటర్లు. కొసలు రెండూ పూరీ అంచుల్లా పైకి లేచి ఉన్నాయి. పొడవునా వేలుతో తడిమి చూశాను, పగులు లేదు. ముందుగా ఇత్తడి గుండు తగిలించి తక్కెడ పరీక్షించాను. కిలో అంటే కిలోయే. తర్వాత పెరట్లోని రంబుటాన్ చెట్టు కొమ్మకు తక్కెడ కట్టి, స్కీకి తాడుతో ఉచ్చు వేసి తగిలించాను. తాడు బరువు ఆరు గ్రాములు. అది తీసివేయగా మొదటిది 2,410 గ్రాములు, రెండోది 2,424.

అప్పలస్వామి ఫోటో తీశాడు. ఇంటికి వెళ్ళాక చూస్తే అందులో ఉన్నది తక్కెడ అంకెలు, అతని బొటనవేలు.

దేవికకు ఫోను చేసి చెప్పాను.

“రెండు వేల నాలుగొందలా?” అంది. “తయారు సేసినోళ్ళు పదిహేనొందలని రాసినారే! అంతుంటాదా పెదనాన్న?”

“రాసేవాళ్ళు ఏదైనా రాస్తారమ్మా. ఇది నికర బరువు. తాడు కూడా తీసేశాను.”

“నీళ్ళు తాగేసినాదేమో” అంది చిన్న గొంతుతో.

కార్తీక పౌర్ణమి, క్లాంగ్‌లోనే

శుక్రవారం 15న ఎక్కడికీ వెళ్ళలేదు. కార్తీక పౌర్ణమి. అప్పలస్వామి భార్య మంగమ్మ పొద్దుటి నుంచి ఉపవాసం ఉండి, సాయంత్రం గుమ్మంలో వరుసగా ఒత్తులు వెలిగించింది. మన దగ్గర అరటి దొప్పలో దీపం పెట్టి నీటిలో వదులుతాము. అక్కడ వీధి కాలువలో వదిలితే మునిసిపాలిటీ వాళ్ళు అడుగుతారని, నీళ్ళు పోసిన ప్లాస్టిక్ తొట్టెలో వదిలింది. దొప్ప తొట్టె అంచుకు మూడుసార్లు తగిలి, బుద్ధిగా మధ్యలో నిలిచింది. చంద్రుడు మబ్బులోంచి రెండు సార్లు కనబడ్డాడు. పులిహోరలో చింతపండు మన కంటే తక్కువ, ఎండుమిరప ఎక్కువ.

భోజనాల దగ్గర నేను దేవికకు లెక్క వేసి చూపాను. సుంగై సిపుట్ జత అమ్మే సరోజ అనే నర్సు తన స్కీ ఒక్కొక్కటి దాదాపు 1,585 గ్రాములని రాసి పంపింది. తేడా కాలికి 825 గ్రాములు. శిఖరానికి ఒక్కో కాలు నాలుగు వేల సార్లు ముందుకు వేయాలనుకుంటే, నాలుగు వేలు ఇంటూ 825 అంటే 3,300 కిలోలు.

“మూడు టన్నుల మూడు క్వింటాళ్ళు” అన్నాను. “ఒక్క కాలికి.”

అప్పలస్వామి ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. “ఓలమ్మో! లారీ పడతాది.”

“స్కీని ఎత్తరు నాన్నా, లాగతారు” అంది దేవిక. అయినా ముఖం వాడిపోయింది.

“సుంగై సిపుట్ జతకు వెనుక కొస ఎలా ఉంటుంది?” అని అడిగాను.

“సాపుగా ఉంటాది. ఎక్కడానికి అదే మంచిది. మలుపు తిప్పినప్పుడు తోక మంచులో తగలదు, ఎక్కేటప్పుడు జారకుండా అడుగున అతికించే పట్టీ కొక్కెం కూడా బాగా పట్టుకుంటాది. బుద్ధిమంతుల స్కీ పెదనాన్న.”

“మరి ఇంకేం కావాలి?”

ఆమె పులిహోరలో పల్లీలను పక్కకు జరుపుతూ మాట్లాడింది. “నాలుగు గంటలు ఎక్కుతాం. దిగడం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు గిరుక్కున తిరగాల, ఎగరాల, ఎనక్కి జారాల, పడాల. బుద్ధిమంతుల స్కీ ఏసుకుంటే మళ్ళీ ఆఫీసుకి పోయినట్టే ఉంటాది.”

కొండ మీద నుంచి వెనక్కి జారుతూ దిగడంలో ఆనందమేమిటో నాకు ఆ రోజు అర్థం కాలేదు. కాని అంకె అంకే. దేవిక అక్కడే కూర్చుని, వద్దులెమ్మని గోపికి సందేశం పంపేసింది. వెంటనే జవాబు వచ్చింది: సరే, జొహోర్ నుంచి ఒకడు అడుగుతున్నాడు, వాడికి చెబుతాను.

ఉత్తరపు దారి

శనివారం 16, ఉదయం 6.35కు ముగ్గురమూ బయలుదేరాము. కారు లెక్క ప్రకారం 246 కిలోమీటర్లు. ఆ దేశపు హైవే గురించి ఒకటే చెబుతాను: అంత దూరంలో ఒక్క ఆవు అడ్డం రాలేదు. మధ్యలో ఆగిన విశ్రాంతి స్థలంలో మరుగుదొడ్డి కడిగిన సమయం, కడిగిన వారి సంతకం తలుపు వెనుక రాసి ఉన్నాయి. చివరి సంతకానికి ఇరవై రెండు నిమిషాలైంది. నేల తడిగానే ఉంది. ఆ కాగితాన్ని గౌరవంగా చదివాను.

ఈపో దగ్గర పంపరపనసలు కొన్నాము. పండును రెండు చేతులతో ఎత్తి బరువు చూస్తున్న నన్ను చూసి, అమ్మే చీనా ముసలమ్మ తక్కెడ నా వైపు తోసింది. ఒకటి 1 కిలో 380. మా వైపు పంపరపనస వినాయక చవితి పాలవెల్లికి కట్టడానికే ఎక్కువగా తెస్తాము. ఇక్కడ తొనలు ఒలిచి ఉప్పు కారం అద్ది కారులోనే తినేస్తారు. సీటు మీద రసం కారిందని తండ్రీకూతుళ్ళు ముప్పై కిలోమీటర్లు పోట్లాడుకున్నారు.

సుంగై సిపుట్

చిన్న ఊరు. మోటారు సైకిళ్ళు, పూలదండల కొట్టు, ఒక వరుస పాత దుకాణాలు. ఊరి చివర ఒకప్పటి రబ్బరు తోట పక్కన సరోజ ఇల్లు. ఆమెకు నలభై దాటాయి. స్విట్జర్లాండ్‌లో తొమ్మిదేళ్ళు నర్సుగా ఉండి, అమ్మమ్మను చూసుకోవడానికి వచ్చేసింది. ఆ అమ్మమ్మ పైడమ్మ, ఎనభై మూడేళ్ళు, వరండాలో బల్ల మీద కూర్చుని మునగాకు దూస్తోంది.

“ఏ ఊరు బాబూ నువ్వు?” అని అడిగింది.

“విజయనగరం అమ్మా.”

“ఆ పక్కేనంట మాదీ. నాను సూళ్ళేదు. అక్కడ ఇప్పుడూ ఎండలేనా?”

ఎండలేనని చెప్పాను. ఇక్కడ వానలని ఆమె చెప్పింది. రెండు దేశాల వాతావరణం అలా తేలిపోయింది.

సరోజ స్కీలు నీటుగా ఉన్నాయి. పొడవు 170, నడుము 96 మిల్లీమీటర్లు, వెనుక కొస సాపు. బూటు బిగించే చోట ఖాళీ రంధ్రాలు, వాటికి మైనం పూత. వరండా దూలానికి తక్కెడ కట్టి తూచాను: తాడు పోగా 1,584, 1,588.

“సెప్పినట్టే ఉన్నాది!” అంది సరోజ సంతోషంగా.

దేవిక ఒక స్కీని నేలకు ఆన్చి, మధ్యలో అరచేత్తో నొక్కి చూసింది. అది వంగలేదు. బూట్లు కూడా తెచ్చుకుంది కాని తొడగలేదు. “మంచిదే” అంది. ఆ ‘మంచిదే’ ఎలా ఉందంటే, పెళ్ళిచూపుల్లో అబ్బాయికి ఉద్యోగం మంచిదే అన్నట్లుంది. సరోజ స్కీలను చుట్టడానికి పాత చాప తెచ్చింది.

నేను నోటుబుక్కులో రెండు జతల అంకెలూ పక్కపక్కన రాసి, గట్టిగా చదివి వినిపించాను. పైడమ్మ మునగాకు దూయడం ఆపింది.

“ఏటి బాబూ, ఒకేలాటి సెక్కలు, ఒకదానికీ ఒకదానికీ అంత తేడానా? బాల్దీ తీసినావా?”

బాల్దీ అంటే బకెట్టు. “తాడు తీశానమ్మా” అన్నాను. “ఆరు గ్రాములు. అది కూడా వదలలేదు.”

“తాడు కాదు బాబూ. బాల్దీ.” చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది. “రబ్బరు పాలు గీసి తెచ్చి కాటా కాడ పెడితే కిరాణీ, ఆ తోట గుమస్తా, ఏం సేసేవోడు? బాల్దీ బరువు తీసి రాసేవోడు. అందరికీ ఒకటే బరువు తీసేవోడు, లావు బాల్దీది. నాది రేకు బాల్దీ, పల్చన. నా పాలు పోయేవి. అందుకే నాను పొద్దున్నే ఖాళీ బాల్దీ ముందు తూయించి, రాయించి, అప్పుడు సెట్ల కాడికి పోయేదాన్ని. ముప్పై యేళ్ళు. కిరాణీకి నన్ను సూత్తే ఒళ్ళు మంట. ఎవుడు తూకం సెప్పినా నాను అడిగేది అదొక్కటే లా.”

దేవిక చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నెమ్మదిగా తల ఎత్తింది.

“పెదనాన్న, బంటింగ్‌లోది బైండింగ్ తీసే తూసినావు కదా?”

“బైండింగ్ అంటే?”

“బూటు బిగించే కట్టు. మధ్యన ఇనుముది.”

“అది దానికి బిగించే ఉంది కదమ్మా. నాలుగైదు మరలతో. గొడుగుకు పిడి ఉన్నట్లు, అది దాని భాగమే అనుకున్నాను.”

సరోజ ఖాళీ రంధ్రాల వైపు చూసింది. నేనూ చూశాను. అవి అరగంట నుంచి నా కళ్ళ ఎదుటే ఉన్నాయి.

మొదట నవ్వింది అప్పలస్వామి. “తాడు తీసినాడు! ఆరు గ్రాములు!” అంటూ వరండా స్తంభం పట్టుకున్నాడు. దేవిక నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయింది. పైడమ్మ మాత్రం నవ్వలేదు. మునగాకు చేట నా వైపు జరిపి, “దూయి బాబూ, మనసు కుదుటపడతాది” అంది. దూశాను.

తప్పు నాదేనని, ఉన్న నలుగురి ఎదుటా చెప్పాను. నికరం అనే మాటను నేను వాడకపోతే దేవిక అడిగి ఉండేది. ఆ మాట వినబట్టే ఆమె అడగలేదు.

దేవిక గోపికి ఫోను చేసింది. అతని గొంతు అందరికీ వినిపించింది: “అయ్యో, రేపు పది గంటలకి జొహోర్ మనిషి వస్తన్నాడే! డబ్బులు ఇంకా పంపలేదు గానీ... ముందు ఎవరొస్తే ఆళ్ళకే. అదే నాయం లా.”

సరోజ చాప విప్పి మళ్ళీ చుట్టి మూలన పెట్టింది. “పోయి సూసుకోండి. నా జత ఎక్కడికీ పోదు. ఈ ఊళ్ళో దీన్ని ఎవుడు కొంటాడు, పందిరి గుంజకా?”

ఆమె పెట్టిన చేపల పులుసు, అన్నం తిన్నాము. ఒంటిగంట యాభైకి బయలుదేరాము. దారిలో కుండపోత వాన. క్లాంగ్ చేరేసరికి 5.40. కారులో పంపరపనస గొడవ మళ్ళీ రాలేదు. దేవిక కిటికీలోంచి చూస్తూ ఉంది. నేను రెండు సార్లు నోటుబుక్కు తెరిచి, రెండు సార్లూ మూసేశాను.

మళ్ళీ బంటింగ్

ఆదివారం 17, ఉదయం 7.50. మబ్బు, 24 డిగ్రీలు. గోపి పూల లుంగీలో వాకిట్లో నిలబడి, ఆకు పొట్లంలోంచి కొబ్బరిపాల అన్నం, నెత్తళ్ళు తింటున్నాడు.

“అంకుల్ మళ్ళీ వచ్చినారే!” అన్నాడు. సంగతి చెప్పగానే అన్నం గొంతుకు అడ్డం పడింది. “కట్టుతో తూసినారా? అది పాత రకం, గుండు లాగ ఉంటాది లా! నాను తానానికి పోకుండా ఉండాల్సింది.”

వెంటనే కట్లు విప్పమన్నాను. దేవిక చేయి అడ్డం పెట్టింది. “ఆగు పెదనాన్న. ముందు ఎక్కి సూత్తాను. అంకె తరవాత.”

ఎక్కడ ఎక్కుతుంది? ఇంటి వెనుక కాలువ గట్టు ఉంది. ఎత్తు నాలుగు మీటర్లు, వాలు నా అంచనాలో ముప్పై డిగ్రీలు, రాత్రి వానకు తడిసిన పొడవాటి గడ్డి. గోపి మరలు తిప్పి కట్టును దేవిక బూటు పొడవుకు సరిచేశాడు. స్కీల అడుగున పొడవాటి పట్టీలు అతికించాడు. ఆ పట్టీకి ఒకవైపు జిగురు, మరోవైపు వెనక్కి వాలిన నూగు. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే పట్టుకుంటుంది. పిల్లి వీపు నిమిరితే తెలిసే సూత్రమే.

మలేషియా లాంటి ఎండల దేశంలో, పసుపు టీషర్టు, మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ బూట్లతో ఒక అమ్మాయి కాలువ గట్టు మీద స్కీలతో అడ్డంగా ఎక్కడం మొదలుపెడితే, ఆదివారం పూట ఎవరు ఊరుకుంటారు? గుడికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మోటారు సైకిలు ఆపేశారు.

“ఏటమ్మా, మంచెక్కడ పడింది?” అని ఒకామె.

“నిన్న రాత్రి! నువ్వు సూళ్ళేదా?” అని దేవిక, రొప్పుతూ.

“కాలికి పడవలు కట్టినావు గానీ, కాలువ అటుపక్కనుంది!” అని రెండో ఆమె.

మూడో మలుపులో వెనుక కొక్కెం ఊడి పట్టీ వేలాడింది. గుండ్రంగా పైకి లేచిన తోకను ఆ కొక్కెం సరిగా పట్టుకోలేదు. గోపి పట్టకారు తెచ్చి కొక్కెం నోరు కొంచెం విప్పి, తోక వంపుకు తగ్గట్టు వంచాడు. ఆ తర్వాత ఊడలేదు. మలుపు తిప్పేటప్పుడు తోక గడ్డిలో దిగబడడం కూడా నిజమే. మొదటి మలుపుకు పద్నాలుగు సెకన్లు పట్టింది. ఆమె మడమతో తోకను కిందికి తన్ని ముక్కును పైకి లేపే పద్ధతి కనిపెట్టాక, ఆరో మలుపుకు ఏడు సెకన్లే. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

గట్టు మీదికి చేరి, పట్టీలు ఊడదీసి, ఎక్కేటప్పుడు వదులుగా ఉంచిన మడమలు బిగించి, మా వైపు వీపు పెట్టి నిలబడింది.

“ఒలే, ముందుకి తిరుగు!” అని అరిచాడు అప్పలస్వామి.

తిరగలేదు. వెనక్కి వాలి వదిలేసింది. తడి గడ్డి మీద ఎనిమిది మీటర్లు వెనక్కి జారి, చివర సగం చుట్టు తిరిగి, అక్కడి బురదలో కూలబడింది. మోచేతుల దాకా బురద. నేను పరుగెత్తాను; ఈ వయస్సులో అది పరుగే. వెళ్ళేసరికి ఆమె ఆకాశం చూస్తూ నవ్వుతోంది. నేను వారింటికి వచ్చిన ఆరు రోజుల్లో ఆమె అలా నవ్వడం మొదటిసారి చూశాను. వెనక్కి జారడంలో ఏమున్నదో అప్పుడు కొంత తెలిసింది. దానికి నా దగ్గర కొలమానం లేదు.

“ఇప్పుడు తూయి పెదనాన్న” అంది.

సమయం 8.52. గోపి ఒక్కో స్కీకి మరలన్నీ విప్పాడు. ఒక మర తుప్పు పట్టి మొండికేస్తే ఏడు నిమిషాలు పట్టింది. బురద తుడిచాము. నేను గుండు తగిలించి తక్కెడ పరీక్షించి, అదే రంబుటాన్ కొమ్మకు కట్టాను. మోటారు సైకిలు ఆడవాళ్ళు కూడా గుడి సంగతి మరచి చెట్టు కిందికి వచ్చారు. మొదటిది 1,530. రెండోది 1,542. కట్టు ఒకటి 880, ఒకటి 882. కూడి చూస్తే గురువారం నేను రాసిన అంకెలే వచ్చాయి. నా తక్కెడ తప్పు చేయలేదు.

సరోజ జత కంటే మొదటి స్కీ 54 గ్రాములు, రెండోది 46 గ్రాములు తక్కువ. జతకు సరిగ్గా నూరు గ్రాములు తేలిక. ఆ మాట పైకి చెప్పాను. తర్వాత ఇది కూడా చెప్పాను: “దేవికా, నూరు గ్రాములు పెద్ద తేడా కాదు. ఇక తూకంతో తేలేది ఏమీ లేదు. నువ్వే చెప్పాలి.”

“ఇదే” అంది, అర సెకను కూడా ఆగకుండా.

“ఒకవేళ ఎక్కువ తూగి ఉంటే?”

“అప్పుడూ ఇదే. నీకు సెప్పకుండా కొందును.”

గోపి జొహోర్ మనిషికి ఫోను చేసేసరికి 9.31. అతను ఇంకా హైవే మీదే ఉన్నాడట. అవతల నుంచి మలయ్‌లో కొన్ని మాటలు వచ్చాయి. వాటిని అనువదించమని అడిగాను. గోపి మర్యాదగా తల అడ్డంగా ఊపాడు.

దేవిక స్కీలు వెనుక సీటు మీద నుంచి ముందు అద్దం దాకా ఏటవాలుగా పట్టాయి. దారంతా వాటి ముక్కులు నా భుజానికి, అప్పలస్వామి చెవికి మధ్య ఊగుతూనే ఉన్నాయి. సరోజకు దేవిక ఫోనులో సంగతి చెబితే, పైడమ్మ గొంతు వెనుక నుంచి వినిపించింది: “బాల్దీ తీసినాడా లేదా అది సెప్పమను ముందు!” తీశానని నేనే చెప్పాను. మరలు కూడా తీశానని చేర్చాను.

విజయనగరం

నేను నవంబరు 21న తిరిగి వచ్చాను. గుండు గురించి ఈసారి నాలుగు నిమిషాలే అడిగారు. దేవిక స్కీలకు తన తేలిక కట్లు బిగించింది. అవి ఒక్కొక్కటి 305 గ్రాములని తానే తూచి రాసింది, విడిగా. డిసెంబరులో ప్రతి ఆదివారం బంటింగ్ గట్టు ఎక్కి దిగిందని అప్పలస్వామి చెప్పాడు. చివరి వారం చూడడానికి పద్దెనిమిది మంది వచ్చారట. ఎవరో కొబ్బరి నీళ్ళు కూడా అమ్మారట.

2025 జనవరి 19, ఆదివారం, మధ్యాహ్నం 2.05. విజయనగరంలో ఎండ, 29 డిగ్రీలు. భోజనం చేసి వాకిట్లో కూర్చున్నప్పుడు జపాన్ నుంచి సందేశం వచ్చింది. ఫోటో లేదు, పలకరింపు లేదు. నేను అడిగిన క్రమంలోనే అంకెలు ఉన్నాయి. వాటిని మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కిన ఎత్తు 870 మీటర్లు. పట్టిన సమయం 4 గంటల 25 నిమిషాలు. దిగడం 23 నిమిషాలు. దిగేటప్పుడు పడినది ఆరుసార్లు. అందులో వెనక్కి జారుతూ పడినవి ఐదు. బయలుదేరినవారు నలుగురు. శిఖరం చేరినవారు నలుగురు.